ట్రాలీ ఎత్తు పెంచే ముందు జాగ్రత్తలు
మిర్యాలగూడ చుట్టుపక్కల పొలం గట్లు దాటేటప్పుడు అడుగుభాగం తగులుతున్నదని ట్రాక్టర్ ట్రాలీని ఎత్తు చేయించదలచినవారు, నేలకు తగులుతున్నది చాసిసా (ట్రాలీ అడుగు చట్రం), చక్రాలను కలిపే ఇరుసా అన్నది ముందుగా నిండు బరువుతో చూసుకోవాలి. ఇరుసే తగులుతుంటే, కమాన్ పట్టీలకూ (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) ఇరుసుకూ మధ్య ఎత్తు పెంచే దిమ్మ పెట్టినా ఫలితం ఉండదు. దిమ్మ వల్ల చాసిస్ మాత్రమే లేస్తుంది.

ట్రాలీని ట్రాక్టర్ నుంచి విప్పకుండా, గట్టి నేల మీద నిలిపి, చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టాలి. తడి రేగడి మీద జాకీ దిగబడుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకూడదు, చాసిస్ కింద గట్టి స్టాండ్లు తప్పక ఉండాలి.

కమాన్ పట్టీలను ఇరుసుకు బిగించే పాత యు బోల్టులను మళ్లీ వాడకుండా, దిమ్మ ఎత్తుకు సరిపడా పొడవైనవి కొత్తవి తెచ్చుకోవాలి. దిమ్మకు బదులు చెక్క ముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చడం ప్రమాదకరం.

వెనుక భాగం లేచి ముందుభాగం వంగితే హుక్కు మీద బరువు ఎక్కువ పడుతుంది కనుక ట్రాలీ సమతలంగా నిలవాలి; అయితే అందుకోసం ట్రాక్టర్ హుక్కును వెనుక ఇరుసు కంటే పైకి మార్చితే ముందు చక్రాలు గాలిలోకి లేవవచ్చు. ఎత్తు పెరిగిన ట్రాలీ, ముఖ్యంగా పత్తి లోడుతో, కాలువ కట్ట మలుపుల్లో త్వరగా ఒరుగుతుంది.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ వాహన మార్పులపై ఆంక్షలు పెట్టినందున, ఆర్టీవో కార్యాలయంలో ముందే అడగాలి.