పైడబ్‌తో ఆడియో అతికేటప్పుడు టప్‌మనకుండా

పైథాన్‌లో పైడబ్ అనే ఆడియో లైబ్రరీతో శబ్దాలు కత్తిరిస్తుంటే లెక్కంతా మిల్లీసెకన్లలోనే. మొదటి 10 సెకన్లు కావాలంటే స్క్వేర్ బ్రాకెట్లలో కోలన్ పెట్టి 10000 రాయాలి. నేను మొదట్లో 10 అని రాసి, ఏమీ వినపడని ఫైలు పట్టుకుని స్పీకర్లు పాడయ్యాయేమో అనుకున్నాను!

ముక్కలు అతకడానికి ప్లస్ గుర్తు చాలు. కానీ అతుకు దగ్గర టప్‌మని శబ్దం వస్తుంటే ప్లస్ బదులు అపెండ్ వాడండి. అది మనం చెప్పకపోయినా 100 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (మొదటి ముక్క శబ్దం తగ్గుతూ, రెండోది పెరుగుతూ కలిసిపోవడం) ఇస్తుంది. మొత్తం నిడివి ఆ మేరకు తగ్గుతుంది, సబ్‌టైటిల్స్ ఉంటే ఓసారి సరిచూసుకోండి.

అన్నట్టు, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఫార్మాట్ విడిగా రాయండి. రాయకపోతే ఫైలు పేరు చివర వేవ్ అని ఉన్నా లోపల తయారయ్యేది ఎంపీ3యే.