పెద్దపేగు క్యాన్సర్ ఐహెచ్‌సీ రిపోర్టు ఎలా చదవాలి?

బయాప్సీ తర్వాత వచ్చే ఐహెచ్‌సీ (కణాల్లో ఏ ప్రోటీన్లు ఉన్నాయో రంగువేసి చూసే పరీక్ష) రిపోర్టులో ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అని నాలుగు పేర్లుంటాయి. డీఎన్‌ఏ నకలులో దొర్లే తప్పులను సరిదిద్దుతూ, కణితి పుట్టకుండా అడ్డుకునే ప్రోటీన్లివి.

1. పేరు పక్కన మాట చూడండి. 'పాజిటివ్' అనగానే భయపడడం మనకు అలవాటు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. 'పాజిటివ్' లేదా 'ఇంటాక్ట్' అంటే ప్రోటీన్ ఉన్నట్టు, 'లాస్' అంటే క్యాన్సర్ కణాల్లో లేనట్టు.

2. జతలుగా చదవండి. ఎంఎల్‌హెచ్1కు పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2కు ఎంఎస్‌హెచ్6 తోడు. ఎంఎల్‌హెచ్1 పోతే పీఎంఎస్2 కూడా నిలవదు. రెండు 'లాస్'లు కనబడితే రెండు జబ్బులని కాదు.

3. 'లాస్' ఉంటే అది వంశపారంపర్యమా అని అడగండి. అసలు కీలకం ఇదే. పెద్ద వయసువారిలో ఎంఎల్‌హెచ్1 లేకపోవడానికి ఎక్కువగా కారణం మిథైలేషన్: జన్యువు బాగానే ఉన్నా పనిచేయడం మానేస్తుంది. అందుకే ముందు బీరాఫ్ వీ600ఈ (బీరాఫ్ జన్యువులో వచ్చే ఒక మార్పు), మిథైలేషన్ పరీక్షలు చేస్తారు. అవి రెండూ నెగెటివ్ అయితే, లేదా ఎంఎల్‌హెచ్1 బాగానే ఉండి మిగతావాటిలో లాస్ ఉంటే లించ్ సిండ్రోమ్‌ను (ఈ లోపం వంశపారంపర్యంగా వచ్చే జబ్బు) అనుమానించాలి. రక్తంతో జన్యుపరీక్ష చేస్తే తేలుతుంది. తేలితే తోబుట్టువులకూ పిల్లలకూ ఒక్కొక్కరికి అదే జన్యులోపం ఉండే అవకాశం 50 శాతం. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 లోపమున్నవారికి 20–25 ఏళ్ల నుంచే, ఏడాది రెండేళ్లకోసారి కొలనోస్కోపీ చేయించమంటారు. ఇంట్లో ఈ మాట దాచడం మంచిది కాదు.

4. రిపోర్టులో పీ53 (కణితిని అడ్డుకునే మరో ప్రోటీన్) కూడా ఉంటే తొందరపడకండి. చెదురుమదురుగా రంగు పడితే మామూలే. కణాలన్నిటికీ ముదురుగా పట్టినా, అసలు పట్టకపోయినా జన్యువు దెబ్బతిన్నట్టే. సాధారణంగా ఇలా దెబ్బతినడం పాలిప్ (పేగు లోపలి గోడపై పెరిగే చిన్న గడ్డ) క్యాన్సర్‌గా మారే దశలో, అంటే ఆలస్యంగా జరుగుతుంది. చాలా కేసుల్లో మొదట పోయేది ఏపీసీ అనే జన్యువు. అది పోతే కణాలను పెరగమనే బీటా-కెటెనిన్ ప్రోటీన్ పేరుకుపోయి కణాలు ఆగకుండా పెరుగుతాయి, పాలిప్ పుడుతుంది. అక్కడి నుంచి క్యాన్సర్ దాకా ఏళ్లు పడుతుంది కాబట్టే పాలిప్‌ను ముందే తీసేయడం పనిచేస్తుంది.

5. చికిత్స గురించి అడగండి. రెండో దశలో 'లాస్' ఉన్నవారికి 5-ఎఫ్‌యూ అనే కీమో మందు ఒక్కటే ఇస్తే పెద్దగా ప్రయోజనం ఉండదు. వ్యాపించిన దశలో మాత్రం ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తినే క్యాన్సర్‌పై ఉసిగొల్పే చికిత్స) బాగా పనిచేసే అవకాశముంది. అమెరికాలో పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును ఇలాంటివారికి తొలి చికిత్సగా 2020లో అనుమతించారు.