ఎల్‌శాట్ రీడింగ్: ప్యాసేజీని మొదటిసారే సరిగ్గా చదవడం

అమెరికా లా స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్‌లో రీడింగ్ కాంప్రహెన్షన్ విభాగం అంటే 35 నిమిషాలు, నాలుగు సెట్లు (ప్యాసేజీ, దాని మీద ప్రశ్నలు కలిపి ఒక సెట్), దాదాపు 27 ప్రశ్నలు. సెట్‌కి తొమ్మిది నిమిషాలు కూడా రావు, అందుకే చాలామంది టెన్షన్‌తో ప్యాసేజీ మీద గబగబా కళ్లు పరుగెత్తించి ప్రశ్నల్లోకి దూకేస్తారు, తర్వాత ప్రతి ప్రశ్నకీ వెనక్కి వచ్చి వెతుక్కుంటూ ఉన్న టైమంతా అక్కడే పోగొట్టుకుంటారు. దయచేసి అలా చేయకండి. మొదటిసారే మూడు, మూడున్నర నిమిషాలు పెట్టి నిదానంగా చదవండి.

వివరాలన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఎక్కడున్నాయో తెలిస్తే చాలు. గుర్తుండాల్సింది ఏ మాట ఎవరిదన్నది. "ఈ చట్టం వల్ల నేరాలు తగ్గాయని కొందరు పరిశోధకులు అంటారు. అయితే వాళ్ల లెక్కలు నగరాలకే పరిమితం" అని ఉందనుకోండి. మొదటి వాక్యం రచయితది కాదు, ఆ "అయితే" దగ్గర ఆయన గొంతు మొదలైంది. ఇప్పుడు రచయిత అభిప్రాయం అడిగితే "చట్టం విఫలమైంది" అనే ఆప్షన్ ఊరిస్తుంది. పెట్టకండి! లెక్కలు చాలవన్నారంతే, విఫలమైందని ఎక్కడా అనలేదు. తప్పు ఆప్షన్లు చాలావరకు ఇలాగే ప్యాసేజీలోని మాటలే వాడుకుని ఒక మెట్టు ఎక్కువ చెబుతాయి.

ఒక సెట్‌లో రెండు చిన్న ప్యాసేజీలు ఇస్తారు. మొదటిదాని సారం ఒక్క ముక్కలో మనసులో అనుకుని, రెండోది దానితో ఎక్కడ కలుస్తోందో, ఎక్కడ విడిపోతోందో చూస్తూ చదవండి.

నెగెటివ్ మార్కులు లేవు, ఏదీ ఖాళీగా వదలొద్దు. ప్రాక్టీసులో తప్పు పోయిన ప్రతి ప్రశ్నకీ, సరైన జవాబుకి ఆధారమైన లైను మీద వేలు పెట్టి చూపించగలిగే వరకు తర్వాతి సెట్‌కి వెళ్లకండి.