కారు హీటెక్కిందా? ముల్లు ఎప్పుడు లేచిందో ముందు చూసుకోండి

అమలాపురంలో పంతొమ్మిదేళ్ళుగా కారు తోలుతున్నాను. ఎక్కువగా కాకినాడ ఆసుపత్రులకు పేషెంట్లను, మధురపూడి విమానాశ్రయానికి గల్ఫ్ వెళ్ళేవాళ్ళను తీసుకెళ్తుంటాను. దాళ్వా (రెండో పంట వరి) కోతలు మొదలయ్యాయంటే నాకు ఫోన్లు కూడా మొదలవుతాయి. "బాబాయ్, ఎర్ర లైటు వెలిగింది, ఇప్పుడేం చెయ్యాలి?" అని మా వీధి కుర్రాళ్ళు, చుట్టాలు, ఒకసారి నా బండెక్కినవాళ్ళు అడుగుతారు. నేను ముందు అడిగేది ఒక్కటే: ఇంజిన్ వేడి చూపించే మీటరులో ముల్లు ఎప్పుడు లేచింది? బండి ఆగి ఉన్నప్పుడా, పరిగెడుతున్నప్పుడా? దీనికి సరైన జవాబు దొరికితే సగం రోగం తెలిసిపోయినట్టే. ఈ ప్రశ్న అడక్కుండా సామాన్లు మార్చుకుంటూ పోతే డబ్బులు పోతాయి, రోగం మాత్రం అలాగే ఉంటుంది.

ముందు రోడ్డు మీద చెయ్యాల్సింది చెప్తాను. డ్యాష్‌బోర్డు మీద నీళ్ళలో ముంచిన థర్మామీటర్ లాంటి బొమ్మ వస్తుంది. అది నీలంగా వెలిగితే ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని అర్థం. పొద్దున్నే కాసేపు ఉండి ఆరిపోతుంది, దానికి కంగారు అక్కర్లేదు. ఎర్రగా వెలిగినా, ముల్లు హెచ్ (హాట్) గుర్తు దగ్గరికి పోయినా, బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చినా వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపెయ్యండి. "ఇంకో మూడు కిలోమీటర్లే కదా, రావులపాలెం చేరిపోదాం" అనుకోవద్దు. ఆ మూడు కిలోమీటర్లలోనే హెడ్డు, అంటే ఇంజిన్ పై భాగం, వంగిపోవచ్చు. గొట్టంతోనో బెల్టుతోనో పోయేది ఇంజిన్ విప్పేదాకా వస్తుంది.

ఎర్ర లైటు ఇంకా రాలేదు, ఆవిరీ లేదు, ముల్లు మాత్రం మధ్య నుంచి పైకి జరుగుతోంది, గోదావరి మీద సిద్ధాంతం ఊరి వంతెన మీద ఆగడానికి చోటు లేదు అనుకోండి. అప్పుడు ఏసీ కట్టేసి, అద్దాలు దించి, హీటరు పూర్తి వేడి మీద, బ్లోయర్ ఫుల్లు మీద పెట్టండి. హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిని కొంత లోపలికి లాగేస్తుంది. మే నెలలో లోపల కూర్చోవడం నరకమే కానీ వంతెన దాటడానికి పనికొస్తుంది. చాలా కార్లలో ముల్లు ఇంజిన్ వేడిని ఉన్నదున్నట్టు చూపించదు. వేడి కొంచెం పెరిగినా, తగ్గినా మధ్యలోనే కదలకుండా ఉండేలా పెడతారు. కాబట్టి మధ్య నుంచి కదిలిందంటేనే విషయం ముదిరిందని లెక్క.

బండి ఆపాక రేడియేటర్ మూత జోలికి వెళ్ళొద్దు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. మా బావమరిది ఆరేళ్ళ క్రితం ముక్తేశ్వరం దగ్గర బండి ఆపి, ఐదు నిమిషాలు కూడా ఆగకుండా రేడియేటర్ మూత తిప్పాడు. మూత సగం తిరిగిందో లేదో, ఆవిరి బుస్సుమని లేచి మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం ఉల్లిపొరలా ఊడొచ్చింది. ఆ చెయ్యి ఇప్పటికీ రెండు రంగుల్లో ఉంటుంది. ఎందుకలా అవుతుందంటే, మామూలు నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. రేడియేటర్ మూత లోపల సుమారు ఒక బార్ ఒత్తిడి నిలబెడుతుంది. ఆ ఒత్తిడిలో, నీళ్ళతో సగానికి సగం కలిపిన కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) 120 డిగ్రీలు దాటినా మరగదు. మీరు మూత తియ్యగానే ఒత్తిడి పోతుంది, లోపల ఉన్నది ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి మీదికి చిమ్ముతుంది. కనీసం ముప్పావు గంట ఆగండి. పై గొట్టం పట్టుకుంటే చేతికి వెచ్చగా మాత్రమే ఉండాలి, నొక్కితే మెత్తగా ఉండాలి. అప్పుడు మందపాటి గుడ్డ కప్పి, మొహం పక్కకు పెట్టి, మూత కొద్దికొద్దిగా తిప్పండి. ఇంజిన్ ఆపాక కూడా ఫ్యాన్ తనంతట తాను తిరగొచ్చు, వేళ్ళు దూరంగా పెట్టండి. కాలుతున్న ఇంజిన్ మీద చన్నీళ్ళు పోస్తే పగలొచ్చు. బొగ్గుల మీద ఉన్న గాజు గ్లాసులో చన్నీళ్ళు పోసినట్టే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం.

ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, గడ్డి ట్రాక్టర్ వెనక పాకుతున్నప్పుడు ముల్లు లేచి, హైవే ఎక్కగానే దిగిందా? అయితే ఫ్యాన్ దగ్గర చూడండి. బండి పరిగెడితే గాలి దానంతటదే రేడియేటర్‌కు తగులుతుంది, ఆగితే ఫ్యానే దిక్కు. చాలా కార్లలో ఏసీ వేస్తే ఫ్యాన్ కాసేపట్లో తిరగాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేసి, బానెట్ ఎత్తి దూరం నుంచి చూడండి. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే (ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చే చిన్న స్విచ్చు డబ్బా) చూడండి. ఫ్యూజు బాక్సు మూత లోపల బొమ్మ ఉంటుంది. ఫ్యాన్ రిలే, హారన్ రిలే ఒకే నంబరువైతే మార్చి పెట్టి చూడండి. ఫ్యాన్ తిరిగిందంటే ఒక రిలేతో పని అయిపోయింది. ఇవి రెండూ బాగుంటే అప్పుడు మోటారు, వైరింగు.

దీనికి పూర్తి వ్యతిరేకంగా, ఊళ్ళో బాగానే ఉండి స్పీడు మీద లేస్తే? నా బండికి వచ్చింది ఇదే. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి.

రెండేళ్ళ క్రితం మే నెల. పాలకొల్లు నుంచి రాజోలు వైపు పెళ్ళివాళ్ళతో వస్తున్నాను. చించినాడ వంతెన దాటి దిండి దగ్గర ఎనభైలో వెళ్తుంటే ముల్లు లేచింది. నలభైకి తగ్గిస్తే దిగింది. మర్నాడు ఒక షాపులో చూపిస్తే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే తలుపు) మార్చారు. వారం తర్వాత మళ్ళీ లేచింది, ఫ్యాన్ మోటారు మార్చారు. అయినా తగ్గలేదు. ముల్లు ఎప్పుడు లేస్తోందని ఒక్కరూ అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు. చివరికి మా ఇంటి చూరు కింద ముందు గ్రిల్లు నేనే విప్పి, టార్చి వేసి చూశాను. ముందు ఏసీ కండెన్సర్ (రేడియేటర్ లాంటిదే, ఏసీ వేడిని బయటికి వదిలేది) ఉంటుంది, దాని వెనక రేడియేటర్. రెండింటి మధ్య సందులో తాలు, ఎండుగడ్డి తుంపులు, చచ్చిన పురుగులు కలిసి చాపలా అల్లుకుపోయాయి. వేలితో లాగితే జానెడు ముక్క ఊడొచ్చింది. కొబ్బరి పీచు దుమ్ము కూడా పట్టి ఉంది. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనపడుతుంది, రోగమంతా వెనక ఉంది.

మన దగ్గర దాళ్వా కోతలప్పుడు తారు రోడ్డే కళ్ళం. సగం రోడ్డు ధాన్యం, మిగతా సగంలో మనం. ప్రతి బండీ ఆ పొట్టును పీల్చుకుంటుంది. గుర్రపుడెక్క పట్టిన పంటకాలువ తెలుసుగా, ధవళేశ్వరం దగ్గర ఎంత నీరు వదిలినా శివారు భూములకు అందదు. రేడియేటర్ కూడా అంతే. స్పీడులో ఇంజిన్ పుట్టించే వేడి ఎక్కువ, దాన్ని బయటికి పంపే గాలికి దారి లేదు. దీన్ని కడగడం తేలిక. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, మామూలు తోట పైపుతో, ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్ళు కొట్టాలి. వాటర్ సర్వీసింగ్ గన్నుతో దగ్గర నుంచి కొట్టనివ్వకండి, పల్చటి రేకులు వంగి దారి మూసుకుపోతుంది. సందులోకి పైపు పట్టకపోతే కండెన్సర్‌ను కదిపించాలి, అది మెకానిక్ పని.

బయట శుభ్రంగా ఉండీ స్పీడులో లేస్తుంటే లోపల దారి మూసుకుపోయిందేమో చూడాలి. థర్మోస్టాట్ మామూలుగా 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలుపెడుతుంది. చాలా బండ్లలో ఇంజిన్ బాగా వేడెక్కాక పై గొట్టం కాలుతూ, కింది గొట్టం చల్లగా ఉంటే అది మూసుకుపోయి ఇరుక్కుందని అనుమానించాలి. తెరుచుకుని ఇరుక్కుంటే ఇంజిన్ ఎంతకీ వేడెక్కదు, అది వేరే బాధ. కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు పోతే బేరింగ్ గరగరమంటుంది, లేదా పంపు కింద ఉన్న చిన్న కన్నం దగ్గర కూలెంట్ చార గడ్డకట్టి ఉంటుంది.

ఆగినా, పరిగెట్టినా లేస్తుంటే ముందు కూలెంట్ ఎంత ఉందో చూడండి. నిజానికి ఎలా లేచినా ఇది చూడాలి. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద, సమంగా ఉన్న చోట, రిజర్వ్ ట్యాంకులో మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉండాలి. కొన్ని బండ్లలో మట్టం తగ్గితే వేరే లైటు వస్తుంది. ఆ లైటు వచ్చి ముల్లు మామూలుగా ఉందని ఊరుకోకండి. కూలెంట్ బాగా తగ్గితే సెన్సర్ కూలెంట్‌లో మునగకుండా గాల్లో ఉండిపోతుంది, ముల్లు కిందికే చూపిస్తుంది, ఇంజిన్ మాత్రం ఉడికిపోతుంటుంది.

తగ్గిందంటే ఎక్కడో పోతోంది. రాత్రి బండి కింద అట్టముక్క పరచండి. ఏసీ నీళ్ళయితే రంగు, జిగురు ఏమీ ఉండవు. కూలెంట్‌కు రంగు, జిగురు, తియ్యటి వాసన ఉంటాయి. నా బండిలో ఒకసారి కింది గొట్టం క్లిప్పు దగ్గర ఆకుపచ్చ పొడి ఉప్పులా పేరుకుని కనిపించింది. చుక్క కూడా కారట్లేదు, కానీ వేడెక్కినప్పుడే చెమట పట్టి ఆరిపోతోంది. క్లిప్పు మార్చితే సరిపోయింది. ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉండి అద్దానికి జిడ్డు ఆవిరి పడితే హీటర్ కాయిల్ కారుతోంది. మూత రబ్బరు ఎండి పగిలినా ఒత్తిడి నిలవక కూలెంట్ పోతుంది. పెద్ద ఖర్చులకు పోకముందు మూత మార్చి చూడండి. కింద కారిన కూలెంట్‌ను మాత్రం వెంటనే కడిగెయ్యండి. తియ్యగా ఉంటుందని కుక్కలు, పిల్లులు నాకుతాయి, అది వాటికి విషం.

బయట ఎక్కడా కారకుండా తగ్గుతుంటే గాస్కెట్ (హెడ్డు కింద ఉండే పల్చటి సీలు) అనుమానం. ఆయిల్ గేజి తీస్తే నూనె పాల టీ రంగులో ఉండటం, సైలెన్సర్‌లోంచి తెల్లటి తియ్యని పొగ ఆగకుండా రావడం, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే కూలెంట్‌లో బుడగలు ఆగకుండా లేవడం గుర్తులు. వానాకాలంలో ఊళ్ళోనే చిన్నచిన్న దూరాలు తిరిగే బండికి ఆయిల్ మూత లోపల కొంచెం తెల్లగా పట్టడం మామూలే. అదొక్కటే చూసి టెన్షన్ పడొద్దు. మిగతావి కూడా ఉంటే బండి తోలకండి, లాగించుకెళ్ళండి.

ఒక్కోసారి తప్పు ముల్లుదే అవుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండికి కీ తిప్పగానే ముల్లు పైన ఉంటే సెన్సరో వైరో పాడైంది. మెకానిక్ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్లు చదివేది) పెడితే పీ0117, పీ0118 కోడ్లు సెన్సర్ సర్క్యూట్‌వి. పీ0217 అంటే ఇంజిన్ నిజంగానే మితిమీరి వేడెక్కింది. ఈ కోడ్ చూసి సెన్సర్ మార్చినవాళ్ళను చూశాను, మార్చాల్సింది అది కాదు.

ఇక పోసే నీళ్ళు. సఖినేటిపల్లి, అంతర్వేది వైపు చాలా చోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళు రేడియేటర్‌ను లోపల తినేస్తాయి, గార కడతాయి. కాలువ నీళ్ళలో బురద. దారిలో తప్పనిసరైతే తాగే ఆర్వో టిన్ను నీళ్ళు పోసి ఇంటికి చేరండి, తర్వాత అంతా తీయించి సరైన కూలెంట్ పోయించండి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ ఇంకా మంచిది. డబ్బా మీద చదవండి: చిక్కటి కూలెంట్ అయితే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి, ముందే కలిపినదైతే నీళ్ళు కలపకూడదు. రంగు చూసి కొనకండి. ఆకుపచ్చవన్నీ ఒకటి కావు, ఎరుపువన్నీ ఒకటి కావు. మీ బండి పుస్తకంలో ఏ రకం రాసి ఉంటే అదే.

పోశాక లోపల గాలి ఉండిపోతే మళ్ళీ హీటెక్కుతుంది. హీటరు వేడి మీద పెట్టి, ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా ఇంజిన్ నడవనివ్వండి. పూర్తిగా చల్లారాక మట్టం చూసి, తగ్గినంత పొయ్యండి. ఆ తర్వాత మూడు రోజులు పొద్దున్నే ట్యాంకు మీద మార్కర్‌తో గీత గీసి చూడండి. మొదటి రోజు కొంచెం తగ్గితే లోపలి గాలి బయటికి పోయినట్టు. మూడో రోజు కూడా గీత కిందికి దిగిందంటే ఇంకా ఎక్కడో కారుతోంది, మళ్ళీ అట్టముక్క పరచాల్సిందే.