గేమ్ పాత్రల అరుపులు గొంతు పోకుండా రికార్డు చేయడం ఎలా?

వాయిస్ యాక్టింగ్‌లోకి రావాలనుకునేవాళ్లు అందరూ ముందుగా అడిగేది ఏ మైక్ కొనాలని. అరుపుల సెషన్ ఎలా చేయాలని అడిగేవాళ్లు తక్కువ. యానిమేషన్, గేముల్లో ఏళ్ల తరబడి నిలబడాలంటే నేర్చుకోవాల్సింది మాత్రం అదే. అమెరికా వాయిస్ యాక్టర్ స్టీవ్ బ్లమ్ అత్యధిక గేములకు గొంతు ఇచ్చినందుకు 2012లో గిన్నిస్ రికార్డుకు ఎక్కేసరికి ఆయన ఖాతాలో 261 గేములున్నాయి. గేముల్లో ఉండేది రాక్షసులు, సైనికులు, దెబ్బలు తిని చచ్చేవాళ్లు. గొంతు చించుకుని అరిచే మనిషికి అన్ని గేములు చేసే గొంతు మిగలదు.

సామాను గురించి ఒక్క ముక్క: కండెన్సర్ మైక్ (సన్నని శబ్దాన్ని కూడా పట్టేది), పాప్ ఫిల్టర్ (‘ప’, ‘బ’ల గాలి దెబ్బ మైక్‌కు తగలకుండా ఆపే తెర), శబ్దం ప్రతిధ్వనించకుండా బట్టలతో నిండిన చిన్న గది. రికార్డింగ్ సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైల్. గోరువెచ్చని నీళ్లు. నిమ్మరసం, తేనె, మిరియాలు, ఇంకేవో కషాయాలు పక్కన పెట్టండి. మింగినదేదీ స్వరతంత్రుల (గొంతులో శబ్దం పుట్టించే రెండు మడతల) మీదుగా పోదు, ఆహారనాళంలోకి పోతుంది. నీళ్లు కూడా సెషన్‌లో తాగినవి కాదు, అంతకుముందు కొన్ని గంటలుగా తాగినవే పనికొస్తాయి.

నిలబడే చేయాలి. కూర్చుని అరిచేవాళ్లతో నాకు వాదన లేదు, వాళ్ల రికార్డింగే చెబుతుంది.

స్క్రిప్టు చేతికి రాగానే లైన్లను మూడు కుప్పలు చేయండి: మామూలు మాటలు, గట్టిగా పిలిచేవి, అరుపులు. గేమ్ స్క్రిప్టు కథలా వరుసగా రాదు. ఎక్సెల్ షీట్‌లో ‘చిన్న దెబ్బ’, ‘పెద్ద దెబ్బ’, ‘ఎత్తు నుంచి పడటం’, ‘మంటల్లో కాలడం’ అని ఉంటుంది. షీట్‌లో ఉన్న వరుసలోనే చదువుకుంటూ పోతే పదో లైన్‌లో చచ్చి, పదకొండో లైన్‌లో ప్రేమగా మాట్లాడాలి. మాటలు ముందు, పిలుపులు తర్వాత, అరుపులు చిట్టచివర. స్టూడియోలో డైరెక్టర్ వేరేలా చేయమన్నా మర్యాదగా ఈ వరుసే అడగండి. అనుభవం ఉన్న డైరెక్టర్ కాదనడు.

ఇప్పుడు అసలు పని. అరుపు గట్టిగా వినపడాలంటే గొంతు బిగించాలని అందరూ అనుకుంటారు. అక్కడే చెడుతుంది. మామూలుగా మాట్లాడేటప్పుడే స్వరతంత్రులు సెకనుకు వందసార్లకు పైగా కొట్టుకుంటాయి. గొంతు బిగించి ‘ఆ!’ అని మొదలుపెడితే ఆ రెండూ ఒక్కసారిగా ఢీకొంటాయి. అలా ఒక మధ్యాహ్నమంతా చేస్తే వాపు వస్తుంది, సాయంత్రానికి గొంతు బొంగురుపోతుంది. నెలల తరబడి చేస్తే బొడిపెలు కడతాయి.

అందుకే అరుపును ‘హ’తో మొదలుపెట్టండి. ముందు ఊపిరి కదలాలి, దాని మీద శబ్దం ఎక్కాలి. ‘ఆ’ కాదు, ‘హా’. ఎడిటింగ్‌లో ఆ ‘హ’ వినపడదు. ఊపిరి పీల్చేటప్పుడు భుజాలు లేవకూడదు, పక్కటెముకలు పక్కలకు విచ్చుకోవాలి. అరిచేటప్పుడు పొట్ట బిగుస్తుంది, మెడ బిగుసుకోదు. అద్దం ముందు నిలబడి ఒకసారి అరిచి చూసుకోండి. మెడ నరాలు తేలితే ఆ అరుపు తప్పు, ఎంత బాగా వినిపించినా సరే.

రెండో సంగతి, శబ్దాన్ని ముఖం ముందు భాగానికి తేవడం. ఆడుకునే పిల్లలు ‘న్యా న్యా’ అని వెక్కిరించే గొంతు ఉంటుంది కదా, ఆ పదునును అరుపులో కొంచెం కలపండి. సగం శ్రమతోనే గదంతా చీల్చుకుపోతుంది. అసహ్యంగా అనిపిస్తుందని చాలామంది మానేస్తారు. యుద్ధంలో చచ్చేవాడికి అందం దేనికి?

మూడోది మైక్. అరిచేటప్పుడు ఒక అడుగు వెనక్కి జరిగి, నోటిని మైక్‌కు కొంచెం పక్కకు తిప్పండి. గెయిన్ (మైక్ శబ్దాన్ని ఎంత పెంచి తీసుకుంటుందో ఆ స్థాయి) తగ్గించండి. అతి పెద్ద అరుపు కూడా రికార్డింగ్ మీటర్‌లో మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. అరుపు పగిలి రికార్డయితే మళ్లీ అరవాలి. గొంతుకు ప్రతి అరుపూ ఖర్చే.

గొంతులో దురద, దగ్గు రాబోతున్నట్టు ఉండటం, చివరి అక్షరం గాలిగా జారిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆపేయండి. నొప్పి దాకా ఆగక్కర్లేదు. ఖళ్‌మని గొంతు సవరించుకోవద్దు, ఓ గుక్క నీళ్లు మింగండి. 2016లో అమెరికాలో నటుల సంఘం శాగ్-ఆఫ్ట్రా గేమ్ కంపెనీల మీద సమ్మెకు దిగినప్పుడు, గొంతుకు శ్రమ పెట్టే సెషన్లను రెండు గంటలకు కుదించమన్నది కూడా ఒక డిమాండే. ఇంట్లో ఒంటరిగా చేసేవాళ్లకు ఒక గంట చాలు.

కొందరు మెల్లగా అరిచి, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో గొంతు లావు చేద్దామంటారు. శబ్దం పెరుగుతుంది కానీ ఊపిరి పెరగదు. వినేవాడికి మనిషి కాకుండా యంత్రం అరిచినట్టుంటుంది. రాక్షసులకైతే సరే.

ప్రతి అరుపుకూ కనీసం మూడు రకాలు ఇవ్వండి. ఆడేవాడు ఒకే దెబ్బ శబ్దం వందసార్లు వింటే మ్యూట్ నొక్కేస్తాడు. ఒకటి పళ్ల మధ్య, ఒకటి నోరు తెరిచి, ఒకటి సగంలో తెగిపోయేలా. మూడోది చాలామంది మరిచిపోతారు.

అయిపోయాక స్ట్రా ఒకటి నీళ్ల గ్లాసులో పెట్టి, బుడగలు వచ్చేలా కాసేపు ‘ఊ’ అని ఊదండి. తర్వాత మౌనం. గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి కాదు, దానికీ గొంతు బిగుస్తుంది.

మర్నాడు పొద్దున్నే చాలా మెల్లగా, చాలా పైస్థాయిలో ఒక ‘ఊ’ పలికి చూడండి. రాకుండా గాలి మాత్రమే వస్తే వాపు తగ్గలేదని లెక్క. ఆ రోజు అరుపుల పని ఒప్పుకోవద్దు, ఎంత డబ్బు ఇస్తామన్నా. మూడు వారాలైనా బొంగురు పోకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లి, కెమెరాతో స్వరతంత్రులు చూడమని అడగండి.