హైస్కూల్లో వారానికొక ‘ప్రశ్నల పీరియడ్’ ఎలా పెట్టుకోవాలి?

తొలకరి పడిందంటే మా కర్నూలు జిల్లా పత్తికొండ పక్క బళ్ళలో హాజరు పలచబడుతుంది. తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో జనం వజ్రాల కోసం వంగి నడుస్తుంటారు. కొందరు పిల్లలు కూడా అమ్మానాన్నల వెంట పోతారు. నేను సోషల్ చెప్తాను. వాళ్ళను తిట్టి కూర్చోబెట్టే బదులు ఆ వజ్రాల మాటనే పాఠం చేద్దామని శనివారం ఒక పీరియడ్ మొదలుపెట్టాను. మీ బళ్ళోనూ పెట్టుకోవాలంటే ఇట్లా చేయండి.

ముందు పీరియడ్ సంపాదించండి

సీబీఎస్ఈలో తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ లాంటి స్కిల్ సబ్జెక్టు తీసుకోవచ్చు. పదకొండులో సైకాలజీ, లీగల్ స్టడీస్ కూడా ఉన్నాయి, బడిలో చెప్పేవాళ్ళుంటే. మన జిల్లా పరిషత్ బడి టైంటేబుల్లో ఇట్లాంటివాటికి గడి ఉండదు, మనమే అడిగి తెచ్చుకోవాలి. పిల్లలకు సబ్జెక్టులు ఎంచుకునే వీలు పెంచాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఆ మాట హెడ్మాస్టరు ముందు పెట్టండి. శనివారం చివరి పీరియడ్ ఒక్కటి చాలు. ఎనిమిది, తొమ్మిది తరగతులతో మొదలుపెట్టండి. స్లిప్ టెస్టుల మధ్య నలిగే పదో తరగతి జోలికి పోవద్దు.

ఎంపిక పిల్లలదే

మూడు జట్ల పేర్లు బోర్డు మీద రాయండి: ప్రశ్నలు, డబ్బు లెక్కలు, డైరీ. ఎవరికి ఏది కావాలో చీటీ మీద రాసి ఇవ్వమనండి. స్నేహితుడి కోసం చేరినా చేరనివ్వండి, మూడు వారాలకు ఒకసారి మారే వీలుంచండి. ఇష్టం లేనివాళ్ళు లైబ్రరీ పుస్తకం చదువుకుంటారు. మార్కులు మాత్రం వద్దు. మార్కులు పెడితే, సారుకు ఏం కావాలో కనిపెట్టి అదే చెప్తారు.

ప్రశ్న మీ ఊరిదే అయి ఉండాలి

మొదటి శనివారం నేను బోర్డు మీద ఒక్క వాక్యం రాశాను: ‘ఒక రైతుకు వజ్రం దొరికింది, లక్షలకు అమ్మాడు. మనమూ పోవాలా?’ పోవాల్సిందేనని చేతులన్నీ లేచాయి. నేను కాదనలేదు. బోర్డును మూడు భాగాలు చేశాను: ఏం తెలుసు, ఎవరు చెప్పారు, ఏం తెలియదు. మొదటి భాగం తొందరగా నిండింది. రెండోదానికి వచ్చేసరికి ‘పేపర్లో వచ్చింది సార్’, ‘మా అబ్బ చెప్పినాడు సార్’ అన్నారు. మూడోది చాలాసేపు ఖాళీగానే ఉంది. అప్పుడు వెనక బెంచీ అమ్మాయి మెల్లగా అడిగింది: ‘దొరకనోళ్ళ గురించి పేపర్లో ఎందుకు రాయరు సార్?’

పది మాటల పాఠం కంటే ఆ ఒక్క ప్రశ్న గట్టిది. అలాంటిది వచ్చినప్పుడు జవాబు చెప్పేయకండి, ఇంటికి పంపండి. ఎవరెవరు పోయారు, ఎన్ని రోజులు తిరిగారు, ఆ రోజుల్లో ఎంత కూలి పోయింది అని ఇంట్లో అడిగి రాసుకు రమ్మన్నాను. రోజుకు 400 అనుకున్నా పది రోజులకు 4,000 అవుతుంది. ‘మా మామ నాలుగేండ్లు తిరిగినాడు సార్, ఒక్క రాయీ దొరకలే’ అన్నాడొక పిల్లాడు. అది చెప్పడానికి వాడు సిగ్గుపడలేదు, నాకు సంతోషమైంది.

తర్వాతి వారం సైన్సు టీచరును పిలవండి. మేము అడిగింది, వాన పడ్డాకే ఎందుకు వెతుకుతారని. వజ్రాలు భూమి లోతుల్లో పుడతాయి, కింబర్లైట్ అనే రాయి వాటిని పైకి మోసుకొస్తుంది. అనంతపురం జిల్లా వజ్రకరూరులో ఆ రాయి ఉంది. యుగాల తరబడి రాయి అరిగి వజ్రాలు మట్టిలో కలుస్తాయి, వాన పైమట్టిని కడిగితే బయటపడతాయి. కాబట్టి వెతికేవాళ్ళది మూఢనమ్మకం కాదు. ఈ మాట పిల్లలకు తప్పకుండా చెప్పాలి. ప్రశ్నించడమంటే పెద్దల మాటను కొట్టిపారేయడం అనుకుంటే పీరియడ్ దారి తప్పినట్టే.

డైరీ జట్టు సంగతి

40 పేజీల నోటుబుక్కు చాలు. ఈ వారం కోపం ఎందుకొచ్చింది, ఏ విషయంలో అభిప్రాయం మార్చుకున్నాను, ఈ రెండే రాయమనండి. పిల్లలు ఇస్తేనే చదవండి. మొదటి ఏడాది ఒకరి పేజీ బాగుందని క్లాసులో చదివి వినిపించాను. ఆ పాప మళ్ళీ నెల రోజులు పెన్ను పట్టలేదు. అది నా తప్పు, తర్వాత క్షమాపణ అడిగాను.

ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి

పిల్లలు ఇంటికొచ్చి ‘నీకెట్ల తెలుసు నాయనా?’ అని అడగడం మొదలుపెడతారు. అది ఎదురు చెప్పడం కాదని తల్లిదండ్రుల సమావేశంలో చెప్పి ఉంచండి. వీలైతే వాళ్ళనే ఒక శనివారం క్లాసులో కూర్చోబెట్టండి. మా బళ్ళో వచ్చిన ఒక అవ్వ, కరువు ఏడాది చేను ఎందుకు అమ్మలేదో చెప్పింది. పిల్లలు ఆమెను వరసగా ప్రశ్నలు అడిగారు, గంట కొట్టినా ఎవరూ లేవలేదు.