ఎండాకాలంలో మైక్రోలైట్ టేకాఫ్: ముందే చూసుకోవలసినవి

మైక్రోలైట్ (ఒకరిద్దరు కూర్చునే తేలికపాటి చిన్న విమానం) పైకి వెళ్లాక ఇంజిన్ ఆగినా, దిగడానికి చోటు వెతుక్కునే టైమ్ ఉంటుంది. నేల విడిచిన తొలి రెండు మూడు వందల అడుగుల్లో ఆ టైమ్ ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ.

కారణం వేడికి పలచబడే గాలి. బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తున ఉంది. 40 డిగ్రీల ఎండలో లెక్క కడితే, అక్కడి గాలి దాదాపు 5,100 అడుగుల మీద ఉండే గాలంత పలచన. రెక్కలకు లిఫ్ట్ (పైకి ఎత్తే బలం) తగ్గుతుంది, ఇంజిన్‌కు పవర్ తగ్గుతుంది. జనవరిలో చాలిన రన్‌వే మే నెలలో ఇద్దరు ఎక్కితే చాలకపోవచ్చు. పొద్దున్నే ఎగరండి. మధ్యాహ్నం సుడిగాలుల బెడద కూడా ఉంటుంది.

పెట్రోల్ సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. బంకుల్లో ఇప్పుడు అమ్మేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిపినది. మైక్రోలైట్లలో వాడే రోటాక్స్ 912 ఇంజిన్‌కు తయారీదారు ఒప్పుకునేది 10 శాతం వరకే. ట్యాంకు అడుగు నుంచి కొంచెం గాజు సీసాలోకి తీసి వెలుతురులో చూడండి. అడుగున నీటి బొట్టు, నలుసు కనిపిస్తే శుభ్రంగా వచ్చేదాకా తీయాలి.

ఇదే ఇంజిన్‌కు ఆయిల్ 50 డిగ్రీలకు చేరేదాకా ఫుల్ థ్రాటిల్ వద్దు. 4,000 ఆర్‌పీఎం దగ్గర ఇగ్నిషన్ స్విచ్‌లు ఒక్కొక్కటే ఆపి చూసినప్పుడు ఇంజిన్ వేగం 300 ఆర్‌పీఎం కన్నా ఎక్కువ తగ్గితే ఆ రోజుకు ఫ్లయింగ్ లేనట్టే. "గాల్లోకి వెళ్తే అదే సర్దుకుంటుంది" అనే మాట వినకండి.

రన్‌వే సగంలో ఒక గుర్తు పెట్టుకోండి. అక్కడికి లేచే వేగంలో 70 శాతం రాకపోతే థ్రాటిల్ మూసేయాలి.

లేచిన వెంటనే ఇంజిన్ ఆగిందా? మైక్రోలైట్ తేలిక, గాలి నిరోధం ఎక్కువ. వేగం ఇట్టే పడిపోతుంది. ముందు ముక్కు దించాలి. ట్రైక్‌లోనైతే (రెక్క కింద వేలాడే సీట్లు, చేత్తో పట్టుకుని నడిపే బార్ ఉండే రకం మైక్రోలైట్) బార్‌ను ఒంటివైపు లాక్కోవాలి. మామూలు విమానం నేర్చుకుని వచ్చినవాళ్లు తడబడేది ఇక్కడే, ఎందుకంటే అందులో స్టిక్ ముందుకు నెట్టాలి. తర్వాత ఎదురుగా ఉన్న చేనులోనో బీడులోనో దిగాలి. రన్‌వేకి తిరిగి రావాలని 45 డిగ్రీలు వాల్చి తిప్పితే స్టాల్ స్పీడు (అంతకన్నా తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం) దాదాపు 19 శాతం పెరుగుతుంది. ఆ ఎత్తులో స్టాల్ అయితే తేరుకోవడానికి చోటుండదు.

సరదాగా వెనక కూర్చునేవాళ్లకు: ట్రైక్‌లో ప్రొపెల్లర్ మీ వెనకే ఉంటుంది. చున్నీ, టోపీ కిందే వదిలేయండి. ఫోన్ జిప్ ఉన్న జేబులో పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే జిప్ వేసేయండి.